కొండ బల్లి వీపు మీద చుక్కలు

1985లో మా ఫొటో స్టూడియో రేపల్లె స్టేషను రోడ్డులో ఉండేది. రేపల్లెతో రైలు పట్టాలు అయిపోతాయి. ఆ పైన ఉన్న పల్లెల వాళ్ళకు పెళ్ళిచూపుల ఫొటో కావాలన్నా, పరీక్ష హాల్ టికెట్టుకు ఫొటో కావాలన్నా మేమే దిక్కు. కాస్త షోకు ఉన్నవాళ్ళు తెనాలి పోయేవారు. తెనాలి స్టూడియోలంటే మా కోటయ్య మావయ్యకు ఖాతరు లేదు. "తెనాలోళ్ళకి మొహం కడగటం రాదురా. ఉన్నది ఉన్నట్టు చేతిలో పెట్టి పంపించేస్తారు" అనేవాడు. స్టూడియో ఆయనదే. పని నేర్పింది కూడా ఆయనే.

మొహం కడగటమంటే ఆయన భాషలో రీటచింగ్. మా ఊళ్ళో కలర్ ఫొటోలు ఇంకా సరిగా మొదలుకాని రోజులవి. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లో అంతా తారుమారుగా ఉంటుంది. నల్లని జుట్టు తెల్లగా, తెల్లని పంచె నల్లగా కనిపిస్తుంది. ఆ నెగెటివ్‌ను అద్దం బల్ల మీద పెట్టి, కింద నుంచి వెలుతురు పడేట్టు చేసుకుని, పెన్సిలుతోనూ సన్నటి బ్లేడుతోనూ లోపాలు సరిచేయటమే రీటచింగ్. మొటిమలు, పుట్టుమచ్చలు పెన్సిలుతో పూడ్చవచ్చు. పెన్సిలు పని కుదరకపోతే తుడిచేసి మళ్ళీ చేసుకోవచ్చు. ఫొటోలో తెల్లగా పడే మచ్చను మాత్రం బ్లేడుతో గీకాలి. గీకితే ఫిల్ము మీద ఉన్న పూతే లేచిపోతుంది, అది ఇక తిరిగి రాదు. నేను చెప్పబోయేదంతా ఈ తేడా మీదే నడిచింది.

మా దగ్గర ఆ గీకుడు పని మిగతా ఊళ్ళకంటే ఎక్కువ. కారణం మా నీళ్ళు. బోరు నీళ్ళు ఉప్పన. ఎంత వడకట్టి కడిగినా, ఆరిన ఫిల్ము మీద ఉప్పు చుక్కలు తేలేవి. ప్రింటులో అవి తెల్లగా పడేవి. నల్లకోటు వేసుకుని ఫొటో దిగిన పెళ్ళికొడుకు అక్షింతలు దులుపుకోవటం మరిచిపోయినట్టు కనిపించేవాడు. మావయ్య ఊపిరి బిగబట్టి ఒక్కో చుక్కనూ గీకి తీసేవాడు. ఆ సమయంలో ఎవరు పలకరించినా తిట్లు తినాల్సిందే. కెమెరా, డార్క్‌రూమ్ నావి. బల్ల ఆయనది. స్టూడియోలో కడిగిన ఏ ఫిల్మైనా ఆ బల్ల దాటకుండా ప్రింటుకు వచ్చేది కాదు.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో దేవదానం మాస్టారిది వేరే లెక్క. బాపట్లలో ఒక హైస్కూల్లో నేచురల్ సైన్సు చెప్పి, రిటైరై రేపల్లెలో ఇల్లు కట్టుకున్నారు. లూథరన్ చర్చిలో ఆదివారం ముందు వరసలో కూర్చునే మనిషి. ఏటా ఒకసారి భుజాన సంచీ, మెడలో పాత కెమెరా వేసుకుని నల్లమల కొండలకు పోయేవారు. మాకు కొండంటే మంగళగిరి దగ్గర బస్సు కిటికీలోంచి కనిపించేదే. మిగతాదంతా వరి చేలు, కాలవలు, బల్లపరుపు నేల.

"ఏంటండీ మాస్టారూ, అన్నేసి రోజులు ఏం చేస్తారక్కడ?" అని మావయ్య అడిగేవాడు.

"ఏముందండీ, రాళ్ళు చూస్తాను" అని మొదలుపెట్టి మాస్టారు మా టీ చల్లారేదాకా చెప్పేవారు. పిల్లికంటే పెద్ద ఉడత నేల మీద కాలు పెట్టకుండా చెట్ల మీదే అడవి దాటేస్తుందట. ఎండిపోయిన వాగులో ఎలుగుబంటి ఇసక తోడుకుని నీళ్ళు తాగుతుందట. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లారేసరికి దుప్పులు ఆ చెట్ల కింద చేరతాయట. వెదురు పొదల్లో గాలి లేకపోయినా చప్పుడవుతుంటే ఆగిపోవాలట. మావయ్య నోరు తెరుచుకుని వినేవాడు. విన్నాక "ఎందుకొచ్చిన తిప్పలండీ" అనేవాడు.

మాస్టారికి ఒక పట్టింపు ఉండేది. ఏ ప్రాణినీ చంపి తెచ్చేవారు కాదు. కాలేజీల వాళ్ళు కప్పనో బల్లినో పట్టుకుని ఫార్మలిన్ సీసాలో వేసి తెచ్చుకుంటారు. ఫార్మలిన్ అంటే కుళ్ళిపోకుండా నిలవ ఉంచే మందు. "దేవుడు పెట్టిన చోట దాన్ని ఉండనివ్వాలి. మనకి బొమ్మ చాలదా?" అనేవారు మాస్టారు. ఆయనకు ఫొటో సరదా వస్తువు కాదు, సీసాకు బదులు.

ఆ ఏడు తొలకరి పడ్డాక కొండ నుంచి కుంటుకుంటూ వచ్చారు. మోకాలు వాచి ఉంది. అప్పటికే కళ్ళలో శుక్లాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో శుక్లం ముదిరితే గాని ఆపరేషను చేసేవాళ్ళు కాదు. ఫిల్ము రోలు నా చేతిలో పెట్టి, చేయి వదలకుండా చెప్పారు.

"ఇందులో ఒక బల్లి ఉంది ప్రసాదూ. వాగు పక్కన రాతి నెర్రెలో దొరికింది. ఇన్నేళ్ళలో అలాంటిది నేను చూడలేదు, నాకు తెలిసిన పుస్తకాల్లోనూ లేదు. బాపట్లలో జువాలజీ ప్రొఫెసర్ గారున్నారు చూడు, ఆయనకి చూపిస్తా. కొత్తదే అనిపిస్తే వచ్చే ఏడు మనుషుల్ని తీసుకుని కొండకొస్తానని మాటిచ్చారు. నేను ఇక ఈ కాలుతో ఎక్కలేను. ఇదే ఆఖరు."

"దాని గొప్పేంటండీ?"

"చెప్పను" అన్నారు నవ్వుతూ. "ఏం చూడాలో ముందే చెప్పేస్తే మనిషికి అదే కనిపిస్తుందయ్యా. ప్రొఫెసర్ గారికీ చెప్పలా. ఆయనే చూసి, ఆయన నోటితో ఆయనే అనాలి."

ఆ మాట నాకు చాలా నచ్చింది. ఇప్పుడు తలచుకుంటే ఆ ఒక్కరోజుకు ఆయన అంత నిక్కచ్చిగా లేకపోతే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

ఫిల్ము జాగ్రత్తగా కడిగి ఆరేశాను. బల్లి ఉన్న ఫ్రేము తడి మీద ఒక్క చూపు చూశాను, చక్కగా వచ్చింది. దగ్గర నుంచి తీయటానికి మాస్టారు కెమెరా ముందు అదనపు లెన్సు తగిలించుకునేవారు. ప్రొఫెసర్ గారికి పెద్ద సైజు ప్రింటు కావాలి, ఆ సైజు పేపరు మా దగ్గర లేదు. తెనాలి పోయి కొనుక్కొచ్చేసరికి సాయంత్రమైంది. ఈలోగా ఫిల్ము ఆరటం, మావయ్య దాన్ని బల్ల మీదికి తీసుకోవటం, పని ముగించి కవర్లో పెట్టటం అన్నీ అయిపోయాయి. అది రోజూ జరిగేదే కనుక నేను ఏమీ అనుకోలేదు.

ప్రింటు వేశాను. రాతి గరుకు, కాలి వేళ్ళు, తోక మడతలు అన్నీ పడ్డాయి. నల్లని నున్నటి వీపు. మావయ్య నా వెనక నిలబడి చూసి "ఎట్టా ఉంది?" అన్నాడు. బాగుందన్నాను. "మాస్టారి పని కదా, ఏ పెళ్ళికూతురికీ ఇంత శ్రద్ధ పెట్టలేదురా" అన్నాడు సంతోషంగా.

మాస్టారు ప్రింటును గుమ్మంలోకి తీసుకెళ్ళి, దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశారు. "నాకంతా మసకే. ఆయన దగ్గర భూతద్దం ఉంటుందిలే" అన్నారు. మోకాలి వల్ల ఒంటరిగా పోలేరని నేను తోడు వెళ్ళాను.

ప్రొఫెసర్ గారు మాస్టారికంటే వయసులో చిన్న. లేచి నిలబడి కుర్చీ వేశారు. ప్రింటును కిటికీ దగ్గర పెట్టుకుని భూతద్దంతో చాలాసేపు చూశారు. మాస్టారు పరీక్ష రాసి రిజల్టు కోసం వచ్చిన పిల్లాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"ఫొటో చాలా బాగా తీశారండి. ఇది మామూలు రాతి బల్లేనండి, మాస్టారూ. మన కొండల్లో చాలా చోట్ల ఉంటుంది" అన్నారాయన.

"వీపు చూశారా?"

"చూశానండి. ఏ గుర్తూ లేదు, నున్నగా ఉంది. అందుకే ధైర్యంగా చెబుతున్నా."

మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. తరవాత ముందే చెప్పకూడదన్న పట్టింపు తనే వదులుకుని అడిగారు. "చుక్కలు లేవా? తెల్లవి, వెన్నుకి అటూ ఇటూ రెండు వరసలు."

ప్రొఫెసర్ గారు భూతద్దం ఆయన చేతికిచ్చారు. మాస్టారు వంగి చూశారు. అద్దాన్ని తోక నుంచి మెడ దాకా జరిపారు.

"శుక్లాలు వస్తున్నాయన్నారు కదండీ" అన్నారు ప్రొఫెసర్ గారు నెమ్మదిగా. "మా నాన్నగారికీ అంతేనండి. ఎండ పొడ పడితే చాలు, లేని చుక్కలు కనపడేవి."

తెల్ల చుక్కలు అన్న మాట వినగానే నాకు మావయ్య బ్లేడు గుర్తొచ్చింది. కాని నెగెటివ్ చూడకుండా ఏం చెప్పను? పని నేర్పిన మావయ్య మీద నింద ఎలా వేయను? మాస్టారి చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

తెనాలిలో రేపల్లె బండి కోసం కూర్చున్నాం. మాస్టారు టీ తాగలేదు. ప్రింటు ఉన్న కవరును ఒళ్ళో పెట్టుకుని అన్నారు.

"బల్లి సంగతి పోనీ ప్రసాదూ. కొత్తది కాకపోతే కాకపోనీ. కానీ ఇన్నేళ్ళు కొండ మీద చూశాను చూశాను అని పిల్లలకి చెప్పానే. అందులో ఏది ఉన్నది, ఏది నా కళ్ళు పుట్టించింది? ఎలా తెలుసుకోను?"

ఆ మనిషి దగ్గర ఉన్న ఆస్తి ఆయన చూపు ఒక్కటే. దాని మీదే ఆయనకు నమ్మకం పోయింది.

ఆయన్ను ఇంట్లో దించి నేరుగా స్టూడియోకి పోయాను. నెగెటివ్‌ను లైటుకు ఏటవాలుగా పట్టుకున్నాను. బ్లేడు తగిలిన చోట ఫిల్ము మెరుపు పోతుంది, అలా పట్టుకుంటేనే అది తెలుస్తుంది. బల్లి వెన్నుకు అటూ ఇటూ, మెరుపు పోయిన చిన్న చిన్న మచ్చలు రెండు వరసలుగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

"మావయ్యా, ఇక్కడేం తీశావు?" అని అడిగాను.

"ఉప్పు చుక్కలురా. మన దరిద్రపు నీళ్ళు."

"ఉప్పు కాదు. బల్లివి."

ఆయనకు ముందు అర్థం కాలేదు. బాపట్లలో జరిగినదంతా చెప్పాను. ఆయన బల్ల దగ్గరి దీపం వేశాడు, ఆర్పాడు, మళ్ళీ వేశాడు. "వరసగా ఉన్నాయేంటా అనుకున్నాను రా" అన్నాడు చివరికి. "తీగకి వేలాడేసినప్పుడు నీళ్ళు జారుతూ వరసగా ఆగుతాయి కదా, అదేలే అనుకున్నా." ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్నే చొక్కా మార్చుకుని "పద" అన్నాడు. నేను చెబుతానంటే ఒప్పుకోలేదు. మాస్టారి భార్య మార్తమ్మ గారు కుర్చీ వేసినా కూర్చోలేదు. వరండాలో నిలబడే చెప్పాడు.

"మాస్టారూ, మీ బల్లికి చుక్కలున్నాయండి. నేనే తీసేశాను."

కోప్పడతారని నేను ఎదురుచూశాను. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"రెండు వరసలేనా కోటయ్య గారూ?"

"రెండేనండి. వెన్నుకి అటొకటి, ఇటొకటి."

"మెడ దాకా ఉన్నాయా?"

"మెడ దగ్గరికొచ్చేసరికి చిన్నవైపోయినాయండి. ఉప్పు మరకలు ఇంత పద్ధతిగా తగ్గుతాయా అనిపించింది. అనిపించి కూడా ఆగలేదండి, చెయ్యి అలవాటు."

మాస్టారు కళ్ళజోడు తీసి కండువాతో తుడిచారు. లోపలికి తిరిగి "మార్తా, నా కళ్ళు బాగానే ఉన్నాయట" అన్నారు. ఆ ఒక్క నిమిషం ఆయన మొహంలో కనిపించిన వెలుగు నేను కెమెరాతో పని చేసిన ఇన్నేళ్ళలో ఏ పెళ్ళికొడుకు మొహంలోనూ చూడలేదు. మావయ్యను బలవంతంగా కూర్చోబెట్టి కాఫీ తాగించారు. అది తనను తిట్లకంటే ఎక్కువ బాధ పెట్టిందని మావయ్య దారిలో చెప్పాడు.

మళ్ళీ బాపట్ల వెళ్ళాం, ఈసారి మావయ్య కూడా వచ్చాడు. ప్రొఫెసర్ గారు నెగెటివ్‌ను ఏటవాలుగా పట్టుకుని చూశారు, మేం చెప్పిందంతా విన్నారు. మేం అబద్ధాలాడుతున్నామని అనలేదు.

"గీకిన గుర్తులు నాకు కనపడుతున్నాయండి" అన్నారు. "కానీ అక్కడ ఏముండేదో ఈ ఫిల్ము చెప్పదు కదా. లేనిదాన్ని ఉందని నేనెలా రాయను? ఆ ఒక్క ప్రాణిని సీసాలో వేసి తెచ్చుంటే ఈ బాధ లేకపోయేదండి, మాస్టారూ."

"అది నా వల్ల కాదండి" అన్నారు మాస్టారు.

ప్రొఫెసర్ గారి మాటలో తప్పు పట్టటానికి ఏమీ లేదు. ఆయన కొండకు వచ్చే ప్రయాణం మాత్రం అక్కడితో ఆగిపోయింది.

మరుసటి ఏడు తొలకరికి నేను బయల్దేరాను. పొమ్మన్నది మావయ్యే. స్టూడియోలో ఉన్న మంచి కెమెరా తీసి మెడలో వేశాడు. మాస్టారు దారి మొత్తం నాకు బట్టీ పట్టించారు. రాయి ఎలా ఉంటుంది, నెర్రె ఏ వైపు, ఎండ ఎప్పుడు పడుతుంది, నీడ ఎక్కడ పడకూడదు. తెనాలిలో బండి మారి, సంగం జాగర్లమూడి కాలవ మీదుగా గుంటూరు పోయి, అక్కడ మీటరు గేజి బండి ఎక్కి మార్కాపురం వైపు పోయాను. ఆపైన బస్సు, ఆపైన నడక. మాస్టారికి తెలిసిన అటవీ శాఖ వాచర్ ఒకాయన వాగు దాకా వచ్చి చూపించాడు.

బల్లపరుపు నేల మీద పెరిగినవాడికి కొండ ఎక్కుతుంటే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. మాస్టారు చెప్పినవన్నీ అక్కడ ఉన్నాయి. తల మీద కొమ్మల్లో పెద్ద ఉడత అరిచింది. తడి ఇసక మీద సీతాకోకచిలుకలు గుంపుగా వాలి ఉన్నాయి. రాయి ఉంది, నెర్రె ఉంది. కెమెరాను మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టి, రాయిలాగే కూర్చున్నాను. మొదటి పొద్దున ఏమీ రాలేదు. రెండో పొద్దున వచ్చింది.

నెర్రెలోంచి తల, ఆ వెనక ఒళ్ళు. కన్ను మూసి తెరిచేంతసేపు ఎండలోకి వచ్చింది. నల్లని వీపు మీద రెండు వరసల తెల్ల చుక్కలు. నా చేయి మీట నొక్కింది. ఆ టక్కుమన్న చప్పుడుకే అది లోపలికి పోయిందో, అంతకు ముందే పోయిందో తెలియదు. ఆ తరవాత ఎంతసేపు కూర్చున్నా బయటికి రాలేదు.

రేపల్లె వచ్చి ఫిల్ము కడిగాను. రాయి పడింది, నెర్రె పడింది. బల్లి లేదు. ఎప్పటిలాగే మా నీళ్ళ ఉప్పు చుక్కలు రాయి మీద అక్కడక్కడా తెల్లగా తేలాయి. మావయ్య ఆ నెగెటివ్‌ను ముట్టుకోలేదు. ప్రింటు అలాగే వేసి మాస్టారింటికి తీసుకెళ్ళాం. అప్పటికి ఒక కంటికి ఆపరేషనై, మందపాటి కళ్ళద్దాలు వచ్చాయి ఆయనకు.

"చూశావా?" అన్నారు.

"చూశానండి."

"చుక్కలు?"

"రెండు వరసలండి."

మాస్టారు నా భుజం మీద చెయ్యి వేశారు. "చుక్కలున్నాయని నీకు ముందే చెప్పేశాను కదయ్యా" అన్నారు.

తప్పు పట్టినట్టు అనలేదు. ఎంతో ప్రేమగా, ఎంతో విచారంగా అన్నారు. ఆ రాతి మీద ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగానే పడుతోంది మరి.

మావయ్య ప్రింటు మీది ఉప్పు మరకలు చూపించి "ఇవి తీయమంటారాండి?" అన్నాడు. ఆ వృత్తిలో ఆయన ఒకరిని అలా అడగటం నేను వినటం అదే మొదలు. "ఉండనివ్వండి కోటయ్య గారూ" అన్నారు మాస్టారు. ఆ ఖాళీ రాతి ఫొటో ఆయన గోడ మీద, చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండరు పక్కన, ఆయన పోయేదాకా ఉంది. మాస్టారు తొంభైల మొదట్లో పోయారు, ఆ వెనకే మావయ్య. కలర్ వచ్చాక రీటచింగ్ బల్లతో ఎవరికీ పని లేకపోయింది. నేను స్టూడియో తెనాలికి మార్చుకున్నాను.

పనిలో చేరే కుర్రాళ్ళకు ఒక్కటే చెబుతాను, మచ్చ తీసే ముందు అది ఎవరిదో అడగమని. వాళ్ళు దాన్ని పెళ్ళికూతుళ్ళ పుట్టుమచ్చల సంగతి అనుకుంటారు. మాస్టారివి శుక్లాల కళ్ళన్నారు. ఆయన లెక్క ప్రకారం నేనూ సాక్షిని కాను, నాకు ముందే తెలుసు. ప్రొఫెసర్ గారికి చూడటానికి ఏమీ మిగల్లేదు. ఎవరూ ఏమీ చెప్పకముందే, బల్ల కింది వెలుతురులో, ఆ చుక్కల్ని ఒక్కొక్కటిగా, మెడ దాకా చూసినవాడు ఈ లోకంలో మా మావయ్య ఒక్కడే. ఆయన వాటిని ఉప్పు అనుకున్నాడు.